చుక్కను నమ్మని మాస్టారు

మా మాస్టారికి చెవులున్నాయి. అయితే అవి కళ్ళజోడు ఆనించుకోవడానికి తప్ప మరెందుకూ కాదని ఆయన నమ్మకం. ఎదుటి మనిషి ఏం చెబుతున్నాడో ఆయన వినరు, ఎటు కదులుతున్నాడో చూస్తారు. మీరు వెళ్ళి "బాగున్నాను మాస్టారూ" అన్నారనుకోండి, ఆ మాట గాలికి పోతుంది. అది చెప్పేటప్పుడు మీరు గోడవైపు జరిగారా, గది మధ్యకు వచ్చారా, తలుపువైపు ఎన్నిసార్లు తిరిగారు, అది మాత్రం ఆయన బుర్రలో ఉండిపోతుంది. ల్యాబులో అందరం ఆయన్ని వెనకాల కాళ్ళ జ్యోతిష్కుడు అనేవాళ్ళం. ఎదురుగా కూడా అనేవాళ్ళం. వినరు కదా.

ఆయన్ని అని లాభం లేదు. జీవితమంతా చేపల్ని చూస్తూ బతికిన మనిషి. చేపకి నోరుంది గాని మాట లేదు. చేప మనసులో ఏముందో తెలియాలంటే దాని కదలిక చూడాల్సిందే. మా ల్యాబు పని అదే. భవనం కింద నేలమాళిగలో వరసగా తెల్లటి తొట్టెలు. ఒక్కో దాంట్లో చిటికెన వేలంత చారల చేప. పైన కెమెరా. కెమెరా తీసిన వీడియోని కంప్యూటర్‌కి ఇస్తే, అది చేప మీద ఒక ఎర్ర చుక్క పెడుతుంది. చేప ఎటు పోతే చుక్క అటు పోతుంది. ఎంత దూరం ఈదిందో, ఎంత జోరుగా ఈదిందో, ఏ మూల ఎంతసేపు ఉందో ఆ చుక్కే లెక్క చెబుతుంది. ధైర్యంగా ఉన్న చేప తొట్టె నడిమికి వస్తుంది. భయపడిన చేప గోడ పట్టుకుని తిరుగుతుంది. మరీ బెదిరిపోతే ఒక మూల అడుగున కదలకుండా పడి ఉంటుంది. మా శాస్త్రం మొత్తం ఇంతే, మిగిలినవన్నీ గ్రాఫులు.

ఈ శాస్త్రాన్ని తొట్టెలోనే వదిలేసి ఇంటికి వెళ్ళడం మాస్టారికి చేతకాలేదు. క్యాంటీన్‌కి వెళ్ళినా అదే వరస.

"కూర ఇవాళ్టిదే సార్, ఇప్పుడే దింపాను" అంటాడు క్యాంటీనతను.

మాస్టారు నా వైపు తిరిగి, అతను వింటుండగానే, "నిన్నటిది. ఆ మాట చెబుతూ గిన్నెకి అడ్డం వచ్చాడు" అంటారు.

అతను మొహం మాడ్చుకుంటాడు. నేను పెరుగన్నం తీసుకుంటాను. మర్నాడు ఆ కూర తిన్నవాళ్ళంతా సెలవు పెడతారు. ఇలా రెండు మూడుసార్లు జరిగాక క్యాంటీనతను మాస్టారు వస్తున్నారంటే చాలు, కౌంటర్ వెనక చేతులు కట్టుకుని, కాళ్ళు దగ్గర పెట్టుకుని, అటెన్షన్‌లో నిలబడటం మొదలుపెట్టాడు. "బెదిరిపోయాడు" అని మాస్టారు అందుకు కూడా ఒక అర్థం తీశారు.

ఒకసారి మా డైరెక్టరు గారు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి పెద్ద ఉపన్యాసం ఇచ్చారు. సంస్థ పరిస్థితి బ్రహ్మాండంగా ఉందనీ, ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదనీ, మనమంతా ఒక కుటుంబమనీ చెప్పారు. మేము చప్పట్లు కొట్టాం. మాస్టారు నా చెవి దగ్గరికి వంగి, "కొందరిని తీసేస్తున్నారమ్మా" అన్నారు.

"అదేంటండీ, లేదని చెబుతుంటే?"

"ఏం చెబుతున్నాడో నాకు తెలియదు. కుటుంబం అన్నప్పుడల్లా ఒక అడుగు తలుపువైపు వేస్తున్నాడు."

ఆ నెల తిరక్కుండానే తొట్టెలు కడిగే ఇద్దరినీ, రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయినీ ఇంటికి పంపారు. కుటుంబం చిన్నదైంది. ఆ తర్వాత డైరెక్టరు గారు ఉపన్యాసాలన్నీ కూర్చునే ఇచ్చేవారు.

ఇలాంటి మనిషితో కాపురం ఎలా చేస్తున్నారని మాస్టారి భార్యని ఒకసారి అడిగాను. ఆవిడ బడిలో లెక్కలు చెబుతారు. నెమ్మదైన మనిషి. "మొదట్లో చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేదమ్మా" అన్నారావిడ. "కోపం వచ్చిందని చెబితే వినరు. ఏడిస్తే, మొహం చూస్తారుగాని మాట వినరు. తర్వాత్తర్వాత నాకే తెలివొచ్చింది. కాస్త కోపం వస్తే మంచం ఆ చివరకి జరుగుతాను. ఎక్కువ వస్తే హాల్లోకి పోతాను. ఒకసారి తట్టుకోలేక మా పుట్టింటికే వెళ్ళిపోయాను. మర్నాడు వచ్చి గుమ్మంలో నిలబడి, చాలా దూరం వచ్చేశావే అన్నారు."

"మీరేమన్నారు?"

"అనడమెందుకు? సూట్‌కేసు తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను. వెంటనే అర్థమైంది."

ఇదంతా చెప్పుకుని నవ్వుకునే రోజుల్లోనే మా ఆయన పోయారు. గుండె ఆగింది. పాల ప్యాకెట్‌కి వెళ్ళినా "వెళ్ళొస్తా" అని నాలుగుసార్లు చెప్పి, చెప్పులేసుకుని మళ్ళీ వెనక్కొచ్చి ఐదోసారి చెప్పే మనిషి. ఆ ఒక్కరోజు మాత్రం చెప్పకుండా పోయారు. దాని మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఇంటినిండా జనం. అందరి దగ్గరా మాటలే. ధైర్యంగా ఉండమన్నవాళ్ళు కొందరు, ఏడవమన్నవాళ్ళు కొందరు, ఏడవవద్దన్నవాళ్ళు కొందరు. మాస్టారు భార్యతో కలిసి వచ్చారు. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఆయన గోడ పక్కన కుర్చీలో కూర్చుని, ల్యాబులో తొట్టె ముందు కూర్చున్నట్టే అందరినీ చూస్తూ ఉండిపోయారు. ఓదార్పుకి ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్ళు మండింది. వెళ్ళేముందు నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, రిపోర్టు చదివినట్టు చెప్పారు.

"మీ బావగారు స్కూటర్ చుట్టూ తిరుగుతున్నారు. మీ తోడికోడలు ఒక్కో గది గుమ్మం దగ్గరా ఆగి లోపలికి చూస్తోంది. పక్కింటావిడ ఎప్పుడు పోదామా అని చెప్పుల దగ్గరే నిలబడింది. మీ అమ్మాయి మాత్రం వంటింట్లో బల్ల కింద ఉంది. పొద్దుట్నుంచీ అక్కడే ఉంది. ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళమ్మా."

వెళ్ళాను. నిజంగానే బల్ల కింద ఉంది, మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని. ఇంతమంది పెద్దవాళ్ళు దాని పక్కనుంచే కాఫీలు పట్టుకుపోయారు. నేను కూడా ఆ బల్ల కిందికి దూరి దాని పక్కన కూర్చున్నాను. ఆ రోజంతట్లో నాకు కాస్త ఊపిరాడింది అక్కడే.

బావగారు స్కూటర్ తీసుకెళ్ళారు. వెళుతూ వెళుతూ మా భవిష్యత్తు కూడా తేల్చేశారు. "ఒంటరిగా ఇక్కడెందుకమ్మా, మా ఇంటికొచ్చెయ్యండి. గది చూసి పెట్టాం" అన్నారు. ఏ గదని అడిగితే తోడికోడలు చెప్పింది, బట్టలుతికే మిషను గది. "మిషను తిరిగేటప్పుడు కాస్త చప్పుడు, అంతే. అలవాటైపోతుంది." నాది ల్యాబులో కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాది చివర్న కమిటీ కూర్చుని నా రిపోర్టు చూస్తుంది. బాగుంటే కాంట్రాక్టు పొడిగిస్తారు. లేకపోతే నేనూ నా కూతురూ ఉతికే మిషనూ కలిసి కాపురం చెయ్యాలి. "రిపోర్టు మంచిగా వస్తే పూచీ నాది. రాకపోతే నా చేతుల్లో ఏమీ లేదు" అని డైరెక్టరు గారు కూడా చెప్పేశారు, కూర్చునే.

సెలవు అయిపోయి పనిలోకి వచ్చాను. ఎలా ఉన్నావని అందరూ అడిగేవారు. బాగున్నానని అందరికీ చెప్పేదాన్ని. ఆ మాట ఎంత చక్కగా అలవాటైందంటే, లిఫ్ట్‌లో ఎవరైనా గొంతు సవరించుకున్నా "బాగున్నానండీ" అనేసేదాన్ని. అందరూ తృప్తిగా వెళ్ళిపోయేవారు. నేను నేలమాళిగలోకి దిగి, నల్ల తెరల వెనక స్క్రీన్ ముందు కూర్చుని, కంప్యూటర్‌కి వీడియోలు అప్పగించి, గోడ చూస్తూ ఉండేదాన్ని. పంపుల హోరు, చేపల మేత కంపు, తడి నేల. డబ్బాలో అన్నం డబ్బాలోనే ఇంటికి తిరిగి వెళ్ళేది. బతకాలని లేదు, అలాగని చావాలనీ లేదు. రెండింటికీ ఓపిక కావాలి. నాకు కుర్చీలోంచి లేచే ఓపిక కూడా లేదు.

అప్పుడు చేస్తున్న పని కూడా నాకు తగ్గట్టే ఉండేది. జనం మింగే నిద్రమాత్రల మందు మురుగులో కలిసి చెరువుల్లోకి చేరుతోంది. ఆ మందు కలిసిన నీళ్ళలో చేపలు ఎలా ఉంటాయో చూడాలి. కొన్ని తొట్టెల్లో మంచినీళ్ళు, కొన్నిట్లో మందు నీళ్ళు. ఖర్చు ఆ మాత్రలు చేసే కంపెనీది. పరీక్ష అయ్యాక చేపలు బతికి బయటికి రావు, అది కూడా పద్ధతిలో భాగమే.

గోరుచుట్టు మీద రోకటి పోటులా, సరిగ్గా అప్పుడే మాస్టారు తన బల్ల తెచ్చి నా గది అద్దాల తలుపుకి అవతల వేసుకున్నారు. పైన ఆయనకి కిటికీ ఉన్న చక్కటి గది ఉంది. ఎండ వస్తుంది. చెట్టు కనబడుతుంది. అది వదిలేసి ఈ చెమ్మలోకి ఎందుకు వచ్చారని అడిగితే, "అక్కడ లైటు మిణుకుమిణుకుమంటోంది, కళ్ళు లాగుతున్నాయి" అన్నారు. ల్యాబులో ఎవరూ నమ్మలేదు. నేను పనిచేస్తున్నానో లేదో చూడటానికి డైరెక్టరు గారే పెట్టించారని గుసగుసలు. నాకూ అదే అనిపించింది. తలెత్తితే చాలు, అద్దం అవతల ఆ కళ్ళజోడు.

చూసి ఊరుకుంటే సరిపోయేది. అద్దం మీద వేలితో కొట్టేవారు.

"ఇవాళ నువ్వు కుర్చీలోంచి లేవలేదు."

"పని ఉంది మాస్టారూ."

"పని కంప్యూటర్ చేస్తోంది. పై అంతస్తు స్టోర్‌లో ఆకుపచ్చ వల ఉంది, తెచ్చిపెట్టు."

"ఇక్కడ వలలున్నాయి కదండీ."

ఆయన నా మాట విన్నారా అంటే, ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎవరి మాటా వినలేదు. తెచ్చిపెట్టేదాన్ని. ఆ వల తీసుకుని బల్ల పక్కన పెట్టుకునేవారు. మర్నాడు దాన్నే పైన పెట్టి రమ్మనేవారు. మూడో రోజు బకెట్. ఆ మర్నాడు ఎవరికో కబురు, ఫోన్లో చెప్పేస్తే పోయేదానికి. భర్త పోయిన ఆడమనిషిని ఇలా మెట్లెక్కించి దింపుతున్న ఈ ముసలాయన్ని ఏ పాపం చేసి తగుల్చుకున్నానో అనుకుంటూ ఎక్కి దిగేదాన్ని. నీరసానికి తట్టుకోలేక ఒకరోజు మెట్ల మీదే కూర్చుని డబ్బాలో అన్నం మొత్తం తినేశాను. కోపంతోనే తిన్నాను.

ఇంతలో ఫలితాలు వచ్చాయి. చుక్కల లెక్క ప్రకారం, మంచినీళ్ళలో చేపలకన్నా మందు నీళ్ళలో చేపలు ఎక్కువ దూరం ఈదాయి. ఊరికే ఈదడం కాదు, హుషారుగా, తొట్టె అంతా కలయతిరుగుతూ. డైరెక్టరు గారు ఆ గ్రాఫు చూసి కుర్చీలోంచి లేచారు కూడా. "చూశావా, మందు వల్ల చేపలకి మంచే జరుగుతోంది" అన్నారు. కంపెనీవాళ్ళకి అప్పుడే ఫోన్ చేశారు. నా కాంట్రాక్టు ఖాయమన్నారు. నేను అద్దం అవతలికి చూసి, ఇప్పుడేమంటారన్నట్టు ఆ కాగితం ఎత్తి పట్టుకున్నాను.

మాస్టారు కాగితం చూడనైనా లేదు. "ఇంకోసారి చూడమ్మా" అన్నారు.

"చూశానండీ."

"చుక్కని చూశావు."

"చుక్కంటే చేపే కదా."

"ఇంకోసారి చూడు."

మర్నాడు అదే మాట. ఆ మర్నాడూ అదే. వలతో పాటు ఇదొకటి. తప్పుంటే చెప్పండంటే చెప్పరు. ఆయన నోట్లోంచి మాట పెరకడం కన్నా చేప నోట్లోంచి పెరకడం సులువు. కమిటీ దగ్గర పడుతోంది. చివరికి ఒకరోజు నాకు తల తిరిగిపోయింది. తలుపు తీసుకుని అవతలికి వెళ్ళి, ఆయన బల్ల మీద రెండు చేతులూ పెట్టి అడిగాను.

"మాస్టారూ, నాకు ఈ ఉద్యోగం పోతే ఎక్కడ పడుకోవాలో తెలుసా? ఉతికే మిషను పక్కన. నా కూతురు అక్కడ చదువుకోవాలి. మీకు నా రిపోర్టులో ఏం నచ్చలేదో ఇప్పుడే చెప్పండి."

"నాకేం తెలుసమ్మా? ముసలాణ్ణి, కళ్ళు సరిగ్గా ఆనవు. నువ్వే చూడు" అని, నా కాళ్ళవైపు చూసి తృప్తిగా తల ఊపారు. "బాగా వచ్చావు. ఒక్క అంగలో వచ్చావు."

ఆ మాటకి నాకు ఏడుపూ నవ్వూ రెండూ రాలేదు. కోపంగా వెనక్కెళ్ళి, ఈయన నోరు మూయించడానికైనా సరే అని, చుక్క తీసేసి, ఒట్టి వీడియో పెట్టి, కళ్ళు చిట్లించుకుని చూశాను. చుక్క లేకపోతే తొట్టె బోసిగా ఉంది. నీళ్ళ మీద ఒక వెలుగు తునక అటూ ఇటూ పరిగెడుతోంది. ఏసీ గాలికి నీళ్ళు కదిలి మెరుస్తున్నాయి. చేప ఎక్కడా లేదు. వెతగ్గా వెతగ్గా మూల కనిపించింది. అడుగున, తొట్టె రంగులో కలిసిపోయి, కదలకుండా పడి ఉంది. మొప్పలు మాత్రం సన్నగా ఆడుతున్నాయి.

జరిగిందేమిటో అప్పుడు తెలిసింది. మా కంప్యూటర్‌కి ఒక పద్ధతి ఉంది. ముందు కాసేపు చూసి, కదలనివన్నీ తొట్టె అనీ, కదిలేది చేప అనీ అనుకుంటుంది. చేప మొదట్నుంచీ కదలకుండా పడి ఉంటే, దాన్ని కూడా తొట్టెలో జమ కట్టేస్తుంది. చుక్క పెట్టడానికి ఏదో ఒకటి కావాలి కదా, మెరిసే వెలుగు మీద పెట్టింది. ఆ వెలుగు పరిగెడుతుంటే చేప హుషారుగా ఉందని లెక్క రాసింది. ఇంకో వీడియో చూశాను. అదీ అంతే. ఆ పక్కదీ అంతే. మందు నీళ్ళలో చేపలన్నీ మూలల్లో పడి ఉన్నాయి. మేమంతా వెలుగుని చూసి చప్పట్లు కొడుతున్నాం.

కంప్యూటర్‌ది తప్పు కాదు. కదలనిదాన్ని గోడలో కలిపెయ్యమని దానికి చెప్పిందే మనం. నా "బాగున్నాను" కూడా అలాగే భవనమంతా తిరుగుతోంది, నేను ఇక్కడ మూలన పడి ఉన్నాను. ఇంట్లో అంతమంది ముందు రాని ఏడుపు ఆ చేప ముందు వచ్చింది. ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చాను. అద్దం అవతల మాస్టారు అటు తిరిగి కూర్చుని, ఆకుపచ్చ వలని అవసరం లేకపోయినా దులుపుతున్నారు.

మొహం కడుక్కుని ఆయన దగ్గరికి వెళ్ళాను. "మాస్టారూ, మందు నీళ్ళలో చేపలు కదలట్లేదు. చుక్క పడింది వెలుగు మీద."

"అలాగా?" అన్నారు, మొట్టమొదటిసారి వింటున్నట్టు. "నువ్వే కనిపెట్టావా?"

"నేనే."

"అయితే నువ్వే చెప్పాలి కమిటీకి."

"చెబితే నా ఉద్యోగం పోతుందండీ. ఎలా చెప్పను?"

"చెప్పనంటున్నావా? నువ్వు ఆ మాట అంటూ మెట్లవైపు నడుస్తున్నావు."

చూసుకున్నాను. నిజమే, మొదటి మెట్టు మీదున్నాను.

కమిటీ రోజు రానే వచ్చింది. బల్లకి అటువైపు డైరెక్టరు గారు, బయటి నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరు. ఆవిడ వేరే చోట ఇదే శాస్త్రం చెప్పే ప్రొఫెసరు, మాట తక్కువ. నేను లేచి, నా రిపోర్టు తప్పని చెప్పాను. వీడియో పెట్టి మూలనున్న చేపని చూపించాను. డైరెక్టరు గారి మొహంలో రంగులు మారాయి.

"కంపెనీవాళ్ళకి నేను ఏం చెప్పుకోవాలి? ఇన్నాళ్ళూ కూర్చుని మీరు చేసింది ఇదా? సారీ అమ్మా, ఇలాంటి పనికి కాంట్రాక్టు పొడిగించాలంటే..." అని కాగితం పక్కకి తోశారు.

నా కళ్ళ ముందు ఉతికే మిషను గిర్రున తిరిగింది.

వెనక కుర్చీలోంచి మాస్టారు లేచారు. మీటింగుల్లో ఆయన నోరు విప్పడం ఎవరమూ చూడలేదు. "చిన్న సంగతి" అన్నారు. "ఈ ల్యాబులో పాత వీడియోలన్నిటికీ చుక్క పెట్టింది ఈ పద్ధతే. వాటిల్లో ఎన్ని చేపలు గోడల్లో కలిసిపోయాయో ఎవరికీ తెలియదు. అన్నీ కంటితో మళ్ళీ చూడాలి. డైరెక్టరు గారికి అవార్డు తెచ్చిన పరిశోధన కూడా అందులో ఉంది. దాంతోనే మొదలుపెడితే బావుంటుంది."

డైరెక్టరు గారు తేలు కుట్టిన దొంగలా లేచి, నీళ్ళ సీసా కోసం అన్నట్టు వెనక్కి నడిచి, గోడకి వీపు ఆనించి, అలాగే పక్కకి జరుగుతూ జరుగుతూ కర్టెన్ దగ్గర మూలకి చేరారు. సీసా బల్ల మీదే ఉంది. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు తీసి ఆయన్నే చూశారు. ఆవిడది కూడా మా శాస్త్రమే కదా.

"ఎవరు చూడగలరు ఇవన్నీ?" అని అడిగారావిడ.

"కనిపెట్టింది ఈ అమ్మాయి. నాకు కళ్ళు ఆనవు" అన్నారు మాస్టారు.

"అయితే ఈ అమ్మాయిని పంపించేసి ఎవరితో చేయిస్తారు?" అన్నారావిడ మూలవైపు చూసి.

"ఆవిడే చెయ్యాలి, అవునవును, ఆవిడే చెయ్యాలి. పొడిగిద్దాం" అంది మూల.

నేను మాస్టారి వైపు చూశాను. ఆయన డైరెక్టరు గారి కాళ్ళని ఒకసారి పరీక్షించి, నిజమే చెబుతున్నాడని నాకు తల ఊపారు. ఆ సాయంత్రం బావగారికి ఫోన్ చేసి రావట్లేదని చెప్పాను. చాలా సంతోషమన్నారు. ఆయన కాళ్ళు కనబడలేదు కాబట్టి నమ్మేశాను. స్కూటర్ తెచ్చి ఇవ్వమన్నాను. ఆయన సంతోషం అక్కడితో ఆగింది.

పాత వీడియోలన్నీ చూడటం మొదలుపెట్టాను. మందు నీళ్ళ చేపల మొదటి రోజు వీడియో కూడా ఒట్టిగా పెట్టి చూశాను. వీడియో మొదలవగానే తొట్టె అంచున గుండ్రంగా, నున్నగా, ఏదో మెరుస్తూ వచ్చింది. వచ్చి ఆగింది. ఇదేం చేపరా బాబూ అని దగ్గరగా చూస్తే, బట్టతల. ఆ తలకి అటూ ఇటూ కళ్ళజోడు కాడలు. తొట్టె మీదికి వంగి, సరిగ్గా చేప పడి ఉన్న మూలకి పైన, వీడియో అయిపోయేదాకా కదలకుండా ఉంది. వెనక్కి వెళ్ళి మా కంప్యూటర్ దాన్ని ఏమనుకుందో చూశాను. అదీ కదలలేదు కాబట్టి గోడ అనుకుంది.

అంటే ఈయనకి మొదటి రోజే తెలుసు. ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చెబితే తప్పు కనిపెట్టింది ఆయనవుతారు, తప్పు చేసింది నేనవుతాను, కమిటీలో నా పక్షాన చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని చెప్పకుండా, నా చేత మెట్లు ఎక్కించి దింపి, అన్నం తినిపించి, తిట్టించుకుని, నా కళ్ళతో నేను చూసేదాకా కూర్చున్నారు. అదే వారం స్టోర్ మేనేజరు మాస్టారి పాత గదిలోకి మారాడు. లైటు ఎలా ఉందని అడిగాను. "లైటుకేం, లక్షణంగా వెలుగుతోంది" అన్నాడు. ఒంటరి చేప భయంతో అడుగున పడి ఉంటే, అద్దానికి అవతల ఇంకో చేపని పెడతాం. అది ఏమీ చెయ్యక్కర్లేదు, కనబడితే చాలు, ఇది మెల్లగా పైకి వస్తుంది. మా పనిలో చేరినవాళ్ళకి ముందుగా నేర్పేది ఇదే. భవనంలో అందరికీ తెలుసు. బల్ల మోసుకుని కిందికి దిగింది మాత్రం ఈయనొక్కరే.

నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది, తిట్టాలనీ అనిపించింది. తలుపు తీసి వెళ్ళి ముందు నిలబడ్డాను.

"మాస్టారూ, ఆ చేపలు కదలట్లేదని మీకు మొదట్నుంచీ తెలుసా?"

"నాకా? నాకేం తెలుసమ్మా?" అంటూ ఆయన కుర్చీలోంచి లేచారు.

"పైన మీ గదిలో లైటు లక్షణంగా ఉందట కదా?"

"అప్పుడప్పుడూ మిణుకుమంటుంది. నువ్వు చూసినప్పుడు మిణుకుమనదు. అయినా నేలమాళిగ చల్లగా ఉంటుంది, ఒంటికి మంచిది..." అంటూ ఒక అడుగు వెనక్కి వేశారు. వీపు గోడకి ఆనింది. ఆ గోడ పట్టుకునే తొట్టెల వెంబడి పక్కకి జరిగారు, ఇంకాస్త జరిగారు, వలలు తగిలించే చోటుకి వెళ్ళి, అది కూడా దాటి, చిట్టచివర మూలలో మేత డబ్బాల మధ్య ఇరుక్కుని నిలబడ్డారు. అక్కడి నుంచి గంభీరంగా ఇంకా ఏవేవో కారణాలు చెబుతూనే ఉన్నారు, నేను అడక్కుండానే, వీడియోలో ఆ బట్టతల తనది కాదని కూడా అన్నట్టున్నారు. నేను ఆయన కుర్చీలో కూర్చుని, కాళ్ళే చూస్తున్నాను. ఒక్క ముక్క వినలేదు.